పాత దుప్పట్ల మీద మిషన్ క్విల్టింగ్: నా సాధన డైరీ

ఆదివారం, గుడ్డల ఎంపిక

బీరువా మీదున్న పాత దుప్పట్లన్నీ కిందికి దించా. కొన్ని వారాలపాటు నా సాధనంతా వీటి మీదే. మంచి కాటన్ గుడ్డ కొని, ఓపిగ్గా ముక్కలు కోసి అతికి, తీరా క్విల్టింగ్ దగ్గరికి వచ్చేసరికి పాడవుతుందేమోనన్న భయంతో మడిచి లోపల పెట్టేసేవాళ్ళు చాలామంది ఉంటారు. అందుకే నేను వరస మార్చుకున్నా, ముందు కుట్టడం రావాలి, మంచి గుడ్డ సంగతి తర్వాత. ఈ డైరీలో ముఖ్యంగా రాసుకోవాలనుకుంటున్నది ఒకటే, చవక సరుకు ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ పని చెడగొడుతుంది అని. నేర్చుకునేటప్పుడు కుట్టు వంకరపోతే అది చేతి లోపమా, సరుకు లోపమా అన్నది తెలియకపోతే ఎన్ని గంటలు కూర్చున్నా చెయ్యి తిరగదు.

కొత్తవాళ్ళెవరైనా చదువుతుంటే వాళ్ళకోసం: క్విల్టింగ్ అంటే పైన ఒక గుడ్డ, మధ్యలో మెత్తటి పొర, కింద అస్తరు, ఈ మూడూ కలిపి కుట్టడం. బొంతకి చేత్తో వేసే కుట్టే ఇక్కడ మిషన్ వేస్తుంది, అంతే తేడా. నాది మామూలు ఇంటి మిషన్, జిగ్‌జాగ్ వేస్తుంది, గుడ్డని కిందనుంచి నడిపే పళ్ళు కిందికి దించే మీట వెనకాల ఉంది, అంతకుమించి హంగులేమీ లేవు.

సాధన ముక్కలకి 40 సెంటీమీటర్ల చదరం సరిపోతుందనిపించింది. ఇంతకంటే చిన్నదైతే రెండు చేతులూ ఆనించడానికి చోటుండదు, అంచు దగ్గరికి రాగానే పట్టు పోతుంది. పెద్దదైతే మిషన్ మెడ కింద చుట్టి తోయాల్సి వస్తుంది, ఆ కుస్తీ ఇప్పుడే వద్దు. వీటిని ఇక్కడ ప్యాడ్లు అంటాను.

దుప్పట్లన్నీ ఒకేలా పనికిరావు. నున్నగా, బాగా బిగుతుగా నేసిన దుప్పటి చూడ్డానికి ఖరీదుగా ఉంటుంది కానీ సూది దిగేటప్పుడు టప్ టప్‌మని శబ్దం, కుట్టు విప్పితే చిల్లులు అలాగే మిగిలిపోతున్నాయి. ఉతికి ఉతికి మెత్తబడ్డ మామూలు కాటన్ దుప్పటి మాత్రం బ్రహ్మాండం. పాలిస్టర్ కలిసినది ఇస్త్రీకి లొంగదు, పొరల మధ్య జారిపోతుంది. టీషర్టు గుడ్డ అసలే వద్దు, సాగుతుంది. ఇంకో ముఖ్యమైన సంగతి, పైనా కిందా రెండూ పూలూ చారలూ లేని లేత రంగు గుడ్డలే తీసుకున్నా. పూల గుడ్డ మీద కుట్టు తప్పులు కనబడవు, అది అమ్మే వస్తువుకైతే మంచిదే, నేర్చుకునేవాళ్ళకి మాత్రం నష్టం.

మధ్య పొర కోసం ఇంట్లో ఉన్నవన్నీ ముందేసుకున్నా. పాత ఫ్లీస్ దుప్పటి బాగుంది, పొరలు దాన్ని అంటిపెట్టుకుని ఉంటాయి, కాకపోతే ఒక వైపుకి సాగుతుంది కాబట్టి సాగే దిశ ఏదో లాగి చూసుకుని గుర్తు పెట్టుకోవాలి. పాత ఫ్లానెల్ పల్చగా ఉంటుంది, గీతలు కుట్టడానికి హాయి. తువ్వాలు బరువెక్కువ, పైగా కోసిన ప్రతిచోటా దూది రాలి బాబిన్ (కింది దారం చుట్టే చిన్న చక్రం) గది నిండిపోతుంది. బొద్దుగా ఉండే పాలిస్టర్ దూది పొర కూడా ఒకటి పెట్టి చూశా, మిషన్ పాదం (సూది దగ్గర గుడ్డని అదిమి పట్టే భాగం) దాన్ని నొక్కుతూ ముందుకి తోసేస్తుంటే పై గుడ్డ అలలు అలలుగా లేస్తోంది. అది తర్వాతెప్పుడైనా చూద్దాం. అసలైన కాటన్ బ్యాటింగ్, అంటే మధ్య పొర కోసమే తయారైన దూది పొర, తుంపులు కొన్ని ఉన్నాయి, వాటిని ఒకదానిమీద ఒకటి ఎక్కించకుండా అంచుకి అంచు ఆనించి జిగ్‌జాగ్‌తో కలిపేశా. ఒకదాని మీదొకటి ఎక్కిస్తే ఆ చోట గట్టుకట్టి పైకి తెలుస్తుంది.

సోమవారం, దారం, సూది

గుడ్డలో ఎంత మిగిల్చినా ఫరవాలేదు, దారంలో మాత్రం పిసినారితనం పనికిరాదని ఒక్క పూటలో తేలిపోయింది. డబ్బాలో ఎన్నేళ్ళ నాటివో తెలియని రీళ్ళున్నాయి. ఒక పోగు వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూశా: సన్నటి నూగు, అక్కడక్కడా ఉండలు, కొన్నిచోట్ల మిగతాదానికంటే సగం మందం. రెండు చేతుల మధ్య గుంజితే ఠప్పున తెగింది.

దారం ఎందుకంత ముఖ్యమో మిషన్ పనిచేసే తీరు చూస్తే అర్థమవుతుంది. సూది కిందికి దిగి కాస్త పైకి లేవగానే వెనకాల పైదారం చిన్న ఉచ్చులా వదులవుతుంది, కింద తిరిగే కొక్కెం ఆ ఉచ్చుని పట్టుకుని బాబిన్ చుట్టూ తిప్పి వదులుతుంది, ఆ తర్వాత పైనున్న మీట మిగిలిన దారాన్ని వెనక్కి లాగేస్తుంది. అంటే ఒక్క కుట్టుకి పట్టే దారం కొంచెమే అయినా ప్రతిసారీ చాలా పొడవు దారం సూది బెజ్జంలోంచి కిందికి వెళ్ళి మళ్ళీ పైకి వస్తుంది. ఏ తునక తీసుకున్నా, చివరికి కుట్టులో కూర్చునేలోపు బెజ్జంలో ఎన్నోసార్లు రాపిడి పడుతుంది. నూగున్న దారం అక్కడే చీలి తెగుతుంది, మనమేమో చెయ్యి సరిగ్గా కదపలేదనుకుంటాం.

అందుకని మంచి దారం రెండే రీళ్ళు, రెండు వేర్వేరు రంగులు. రీలు మీద 40, 50, 60 అని నంబర్లుంటాయి, నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. నేను 50 తీసుకున్నా. పాలిస్టరా కాటనా అన్న వాదనలోకి నేను పోను, సాధనకి నున్నగా ఉంటే చాలు.

సూది 90/14. ఇందులో 90 అంటే సూది మందం 0.9 మిల్లీమీటర్లు, పక్కనున్న 14 ఇంకో పద్ధతిలో అదే సైజు. మూడు పొరలు దాటాలి కాబట్టి ఇంకాస్త సన్నటి 75/11 కంటే ఇది నిలకడగా ఉంటుంది, ఒంగదు. సూది విరిగేదాకా వాడటం చాలామందికి అలవాటు. సుమారు ఎనిమిది గంటల కుట్టుపనికి ఒకసారి మార్చమంటారు, కానీ గంటలు లెక్కపెట్టుకుంటూ ఎవరు కూర్చుంటారు, టప్ టప్ చప్పుడు మొదలైనా, మధ్యలో ఒక కుట్టు ఎగిరిపోయినా మార్చేయడమే. కొత్త సూది వేశాక కూడా చప్పుడు పోకపోతే అప్పుడు గుడ్డని అనుమానించాలి.

మంగళవారం రాత్రి, పొరలు పేర్చడం

కింది గుడ్డని బల్ల మీద తిరగేసి పరిచి నాలుగు వైపులా మాస్కింగ్ టేపుతో అంటించా. ఇక్కడ ఒక కిటుకుంది. ముడతల్లేకుండా చదునుగా ఉండాలి గానీ సాగేంత గట్టిగా లాగకూడదు. సాగదీసి అంటిస్తే టేపు తీసిన క్షణమే అది వెనక్కి ముడుచుకుని పై పొరలో కుచ్చులు తెస్తుంది. రెండు రకాలుగానూ ఒక్కో ప్యాడ్ చేసి పక్కపక్కన పెట్టి చూస్తే తేడా స్పష్టంగా కనబడింది.

పొరలు కదలకుండా పట్టడానికి మూడు దారులు: పిన్నీసులు, చేత్తో పొడుగు కచ్చా కుట్లు, లేదా స్ప్రే జిగురు. స్ప్రే సుఖమే కానీ ఖర్చు, వాసన, కిటికీలు తెరుచుకోవాలి. పిన్నీసులు ఇంట్లోనే ఉన్నాయి కాబట్టి నాకు అవే. పిడికిలి పెడితే ఎక్కడో ఒకచోట పిన్నీసు తగలాలి, అంటే 8 నుంచి 10 సెంటీమీటర్లకి ఒకటి. గీత వచ్చే దారిలో మాత్రం పెట్టొద్దు, దగ్గరికొచ్చినప్పుడల్లా ఆపి తీయాల్సి వస్తుంది. పిన్నీసు మీద సూది పడితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

గీతలు గీసుకోవడానికి దేనికీ పైసా ఖర్చు పెట్టలేదు. అరిగిపోయిన సబ్బు బిళ్ళ అంచు ముదురు గుడ్డ మీద చక్కటి తెల్ల గీత ఇస్తుంది, ఉతికితే పోతుంది. లేత గుడ్డకి మాస్కింగ్ టేపే దారి, టేపు అంటించి దాని అంచు వెంబడి కుట్టి తీసేయడం. రోజుల తరబడి వదిలేస్తే జిగురు గుడ్డకే ఉండిపోతుంది, కాబట్టి కుట్టబోయే ముందే అంటించాలి. ఇస్త్రీ వేడికి చెరిగిపోయే పెన్నుతో కూడా ఒక తుంపు మీద గీసి, ఇస్త్రీ చేసి, మాయమయ్యాక ఫ్రీజర్‌లో పెట్టా. కాసేపటికి తీసి చూస్తే గీతలు లేతగా మళ్ళీ వచ్చాయి. చలికి ఆ సిరా తిరిగొచ్చేస్తుంది. సాధనకి ఇబ్బంది లేదు, ఎవరికైనా ఇచ్చే బొంత మీద మాత్రం నేను వాడను. నీళ్ళకి పోయే పెన్ను ఉంటే దానికి ఇస్త్రీయే శత్రువు, ఉతకకముందు వేడి తగిలితే మరక స్థిరపడిపోవచ్చు.

గురువారం, తిన్నటి గీతలు

చాలామంది గీతలు కుట్టడం సులువని వదిలేసి నేరుగా పూలూ తీగల మీదికి దూకేస్తారు. నాకైతే గీతల్లోనే ఎక్కువ నేర్చుకునేది ఉందనిపించింది.

మామూలు పాదంతో ఒక ప్యాడ్, వాకింగ్ ఫుట్‌తో ఒక ప్యాడ్. మామూలు పాదం కింద జరిగేది ఏంటంటే, పళ్ళు కింది పొరని వెనక్కి లాక్కుపోతాయి, పాదం పై పొరని అదిమి పట్టుకుంటుంది, మధ్యలో మెత్తటి పొర ఉండటంతో పై గుడ్డ కొంచెం కొంచెంగా వెనకబడిపోతుంది. గీత చివరికి వచ్చేసరికి ఆ మిగులంతా పాదం ముందు బుడగలా పోగుపడి, అంచు దగ్గర మడతగా నలిగింది. వాకింగ్ ఫుట్‌కి తనకంటూ పైన కూడా పళ్ళుంటాయి, దాని చెయ్యి సూది బిగించే మరమీద కూర్చుంటుంది కాబట్టి సూది లేచినప్పుడల్లా అవి కదులుతాయి, అలా పై పొర, కింది పొర కలిసి నడుస్తాయి. ఈ ఒక్క పాదానికి డబ్బు పెట్టడం దండగ కాదు. కొనేముందు మీ మిషన్ పాదం కడ్డీ పొట్టిదా పొడుగుదా చూసుకోవాలి, అది కుదరకపోతే పాదం కూర్చోదు. వాకింగ్ ఫుట్ లేకపోతే? ఫ్లానెల్ లాంటి పల్చటి మధ్య పొర, దగ్గర దగ్గరగా పిన్నీసులు, పాదం ఒత్తిడి తగ్గించే మర ఉంటే కాస్త వదులు చేయడం. అలా కుట్టిన ప్యాడ్ కూడా మరీ అధ్వానంగా ఏమీ లేదు.

కుట్టు పొడవు 3 మిల్లీమీటర్లు పెట్టా. రెండు గుడ్డలు కలిపేటప్పుడు 2.5 బాగానే ఉంటుంది, ఇక్కడ దళసరి కొంత మింగేస్తుంది కాబట్టి అదే 2.5 చిన్నగా, బిగుసుకున్నట్టు కనబడుతుంది.

ఇక దిశ. ఒక ప్యాడ్‌లో ఒక గీత పైనుంచి కిందికి, పక్కది కిందినుంచి పైకి, ఇలా మార్చి మార్చి కుట్టా. ఇంకోదాంట్లో అన్నీ ఒకే వైపు నుంచి. మొదటిదాంట్లో గీతకీ గీతకీ మధ్య గుడ్డ ఏటవాలుగా మెలిపడి, వేలితో రాస్తే చేతికి తగిలే ముడతలు. రెండోది దాదాపు చదును. మధ్య గీతతో మొదలుపెట్టి ఒక పక్కకి పోవడం, తర్వాత ప్యాడ్ తిప్పి రెండో సగం కుట్టడం, ఇదే కుదిరింది. అంచు నుంచి మొదలుపెడితే వదులంతా అవతలి అంచుకి తోసుకుపోతుంది.

చూపు ఎక్కడ పెట్టాలన్నది కూడా తేల్చుకోవాల్సిన విషయమే. సూదినే చూస్తూ కుట్టిన గీత సన్నగా వణికింది, పాదం ముందు నాలుగైదు సెంటీమీటర్ల దూరంలో టేపు అంచుని చూస్తూ కుట్టినది తిన్నగా వచ్చింది.

శుక్రవారం, టెన్షన్

పైన ఎర్ర దారం, కింద నీలం దారం, తెల్ల గుడ్డ. ఇంతకంటే మంచి మాస్టారు దొరకరు. ఒకే రంగు దారాలతో సాధన చేస్తే కుట్టు బాగోలేదని తెలుస్తుంది గానీ ఎందుకు బాగోలేదో తెలియదు.

ప్యాడ్‌ని పెన్నుతో పట్టీలుగా గీసుకుని, ఒక్కో పట్టీ పైన టెన్షన్ (పైదారం బిగుతు) నంబరు రాసి, ఆ నంబరులో ఒక గీత కుట్టా. 1 దగ్గర ప్యాడ్ తిరగేస్తే నీలం దారం ఒక తీగలా చదునుగా పడి ఉంది, దాని మీదుగా ఎర్ర దారం వదులు ఉచ్చులు. గోటితో నీలం దారాన్ని లాగితే మొత్తం గీత బయటికొచ్చేసింది, అంటే అది కుట్టే కాదు. 7 దగ్గర అంతా తిరగబడింది: పైవైపు ప్రతి కుట్టు చివరా సూదిమొనంత నీలం చుక్క, ఎర్ర దారం బిగిసి గుడ్డని కుంగదీసింది. 4కి కొంచెం కిందా మీదా ఎక్కడో పైన ఎరుపే, కింద నీలమే. అక్కడ రెండు దారాలూ మెలేసుకునే ముడి మధ్య పొరలో దాక్కుంటుంది.

ఇక్కడే చవక సరుకు గురించి అసలు విషయం తెలిసింది. ఫ్లీస్ ప్యాడ్ మీద బాగున్న నంబరుతో ఫ్లానెల్ ప్యాడ్ కుడితే పైన నీలం చుక్కలు. ఫ్లీస్ మందంగా ఉంటుంది కాబట్టి ముడి కొంచెం పైకో కిందికో ఉన్నా దాచేస్తుంది, పల్చటి ఫ్లానెల్‌కి దాచడానికి చోటు లేదు. అంటే ఫ్లీస్ మీద నేర్చుకుంటే మనం ఉన్నదానికంటే బాగా కుడుతున్నట్టు అనిపిస్తుంది. ధైర్యం కోసం ఫ్లీస్, పరీక్ష కోసం ఫ్లానెల్. ఏ ప్యాడ్ మధ్యలో ఏముందో ఇప్పుడు మూలన రాసి పెట్టుకుంటున్నా.

ఇంకో సంగతి. దారం ఎక్కించేటప్పుడు పాదం పైకెత్తి ఉండాలి. పాదం దించితే టెన్షన్ బిళ్ళలు మూసుకుంటాయి, దారం వాటి మధ్యకి దిగదు, నంబరు ఎంత తిప్పినా ఉపయోగం ఉండదు, కింద దారం గూడు కట్టేస్తుంది. గుడ్డ కింద గూడు కనబడగానే అందరూ బాబిన్‌ని తిడతారు, నూటికి తొంభై పాళ్ళు తప్పు పైనే ఉంటుంది. ముందు పైదారం మొత్తం తీసేసి, పాదం ఎత్తి, మళ్ళీ ఎక్కించి చూడండి. బాబిన్ కేస్ మీదున్న చిన్న మర జోలికి పోవడం అన్నిటికంటే ఆఖరున.

కుట్టు మొదలుపెట్టేటప్పుడు చక్రం చేత్తో ఒక చుట్టు తిప్పి కింది దారాన్ని పైకి లాగి, రెండు కొసలూ వేలితో పట్టుకుని మొదటి నాలుగైదు కుట్లు అతి చిన్నగా వేస్తే అవే ముడిగా నిలబడతాయి. కొసలు పట్టుకోకపోతే అవి కిందికి లాక్కుపోయి చిక్కుపడతాయి.

ఆదివారం, చేతి ఇష్టం కుట్టు

ఫ్రీ మోషన్ అంటే పళ్ళు దించేసి, గుడ్డని మన చేతులతోనే నడపడం. ముందుకి, వెనక్కి, పక్కకి, ఎటైనా. పళ్ళు దిగని మిషనైతే కుట్టు పొడవు సున్నా పెట్టి, పళ్ళ మీద సూది పడే చోట రంధ్రం చేసిన అట్టముక్క టేపుతో అంటించి కుట్టొచ్చు. పాదం మాత్రం దీనికి వేరే కావాలి, స్ప్రింగుతో గెంతే డార్నింగ్ పాదం. సూది పైకి లేచేటప్పుడు గుడ్డ కూడా దానితో లేస్తుంది, అలా లేస్తే దారం ఉచ్చు సరిగ్గా ఏర్పడదు, కొక్కెం దాన్ని అందుకోలేదు, కుట్టు ఎగిరిపోతుంది. ఆ పాదం సరిగ్గా అదే క్షణంలో గుడ్డని కిందికి నొక్కి, సూది బయటికి రాగానే వదిలేస్తుంది.

ఇందులో కుట్టు పొడవుకి మీట లేదు. మిషన్ వేగం ఒకవైపు, చేతుల వేగం ఇంకోవైపు, వీటి మధ్య లెక్కే కుట్టు పొడవు. చేతులు తొందరపడితే పొడుగు కుట్లు, మందగిస్తే ఇసుకరేణువుల్లాంటి చిన్న కుట్లు. మిషన్ నెమ్మదిగా నడిపితే సులువనుకుంటాం కానీ జరిగేది దానికి ఎదురు, గీత మూలలు మూలలుగా విరుగుతుంది. పెడల్‌ని మధ్యస్థంగా, ఒకే స్థాయిలో నొక్కి ఉంచి చేతుల్నే దానికి తగ్గట్టు నడిపించడం కుదిరాక కుట్లు సమంగా రావడం మొదలైంది. అంగుళానికి పది కుట్ల చొప్పున, స్కేలు పెట్టి చూసుకుంటున్నా.

పెన్సిల్‌తో బొమ్మలు వేసే అలవాటున్నవాళ్ళకి కూడా ఇది మొదట్లో వింతగా ఉంటుంది, కారణం ఇక్కడ పెన్సిల్ కదలదు, కాగితం కదులుతుంది. గీత కుడివైపు పోవాలంటే గుడ్డని ఎడమకి తోయాలి. దీనికి పైసా ఖర్చులేని సాధన ఒకటుంది. ఒక చేత్తో పెన్సిల్‌ని నిటారుగా, కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో కాగితాన్ని జరుపుతూ మీ పేరు రాయండి. నవ్వొచ్చే అక్షరాలు వస్తాయి. కాసేపటికి చెయ్యి లెక్క పట్టేస్తుంది.

పేరు అన్నాను కదా, తెలుగు లిపి ఈ పనికోసమే పుట్టిందేమో అనిపించేంత బాగుంది. వరసగా సున్నలు, తర్వాత ల ల ల ల అని గొలుసు, తర్వాత ఠ, ఆ తర్వాత అ. గుండ్రాలు ఎంతసేపు కుట్టినా విసుగు రాదు. తలకట్టు ఉన్న అక్షరాల దగ్గర ఇంకో పాఠం దొరికింది. దారం తెంపకుండా తలకట్టు వేయాలంటే కుట్టిన గీత మీదుగానే వెనక్కి నడవాలి, సరిగ్గా దాని మీద, పక్కకి జారకుండా. ఆకులూ ఈకలూ కుట్టేటప్పుడు ఈ వెనక్కి నడక ప్రతి రెండు నిమిషాలకీ అవసరం పడుతుంది. ర, క, త ఒక వరస నింపా, మొదటి ర తలకట్టు జంట గీతల్లా విడివిడిగా ఉంది, చివరి త దగ్గర రెండూ ఒకటిగా కలిశాయి.

ప్యాడ్ తిరగేస్తే గుండ్రాల దగ్గర ఎర్ర దారం కనురెప్ప వెంట్రుకల్లా వరసగా లోపలివైపుకి సాగి ఉంది. నిటారు గీతల్లో మాత్రం ఏమీ లేదు. కాబట్టి ఇది టెన్షన్ నంబరు ఒక్కదాని గొడవ కాదు, మలుపు రాగానే చేతులు తెలియకుండానే వేగం పెంచేస్తున్నాయి. గుండ్రం తిప్పేటప్పుడు పెడల్ అలాగే ఉంచి చేతులు కాస్త నిదానిస్తే వెంట్రుకలు చాలావరకు పోయాయి, టెన్షన్ అర నంబరు పెంచితే మిగతావీ పోయాయి. మొన తేలాల్సిన చోట, ఆకు కొస లాంటి దగ్గర, ఒక్క కుట్టుసేపు ఆగి దిశ మార్చాలి. ఆగకపోతే కొస గుండ్రమవుతుంది, ఎక్కువసేపు ఆగితే అక్కడ దారం ముద్దకడుతుంది.

గుడ్డ జారకుండా తోటపనికి వాడే రబ్బరు వేళ్ళ తొడుగులు వేసుకున్నా. ఉత్త చేతులతో అయితే గట్టిగా అదిమి పట్టుకోవాల్సి వచ్చి అరగంటకే భుజాలు పట్టేస్తాయి. సూది కింద ఉండగా గుడ్డని లాగకూడదన్నది కూడా ఇక్కడే గట్టిగా గుర్తుపెట్టుకోవాలి, సూది వంగి ప్లేటుకి తగిలితే విరుగుతుంది, ముక్క ఎటు ఎగురుతుందో తెలియదు. నేను కళ్ళద్దాలు పెట్టుకునే కుడుతున్నా.

బుధవారం, తిరుగుడు గీత

ఒకదాన్నొకటి దాటకుండా ప్యాడ్ అంతా తిరిగే మెలికల గీతని స్టిప్లింగ్ అంటారు, గీతల మధ్య ఎడం ఎక్కువుంటే మియాండరింగ్ అంటారు. చూడ్డానికి అడ్డదిడ్డంగా ఉంటుంది కానీ దారి ముందే ఆలోచించుకోకపోతే ఒక మూలలో ఇరుక్కుపోయి బయటికి రావడానికి తోవ ఉండదు. ముందు కాగితం మీద పెన్సిల్ ఎత్తకుండా పేజీలు నింపా, కుట్టు మీద గడిపిన సమయం కంటే దీనికే ఎక్కువ పట్టింది, అయినా దండగ అనుకోను. కాగితం మీద రానిది గుడ్డ మీద రాదు.

ఒక ప్యాడ్ ఎడమ సగం బాగా చిక్కగా, కుడి సగం పల్చగా కుట్టా. చిక్కగా ఉన్న వైపు గుడ్డ లోపలికి ముడుచుకుని అంచు సెంటీమీటరు పైనే తగ్గింది, పల్చటి వైపు అలలు తిరిగి లేచింది. ఇస్త్రీ చేసినా చదును కాలేదు. పెద్ద బొంతలో ఇలా జరిగితే అంచులు కలవవు. అందుకే కుట్టు అందంగా ఉండటం కంటే అంతటా ఒకే చిక్కదనంలో ఉండటం ముఖ్యం, పైగా అసలు గుడ్డకి కొలతలు వేసేటప్పుడు కుట్టయ్యాక కోసుకోవడానికి నాలుగు వైపులా కొంచెం ఎక్కువ వదులుకోవాలి.

బరువు గొడవ కూడా ఈరోజే చూసుకున్నా. చిన్న ప్యాడ్ మీద బాగా వచ్చినవాళ్ళు పెద్ద బొంత దగ్గర తడబడేది బరువు వల్లే. ప్యాడ్‌ని ఒక దళసరి పాత దుప్పటి మధ్యలో పిన్నీసులతో బిగించి, ఆ మొత్తాన్ని పెద్ద బొంత అనుకుని కుట్టా. దుప్పటి అంచు బల్ల మీంచి కిందికి వేలాడితే చాలు, గుడ్డ అటు గుంజి కుట్లు ఒక్కసారిగా చిన్నవైపోతున్నాయి. ఎడమ పక్కన ఇంకో బల్ల, వెనకాల ఒక కుర్చీ జరిపి దుప్పటి మొత్తం పైనే ఉండేలా పోగేస్తే మళ్ళీ మామూలుగా వచ్చాయి. పెద్ద ఖర్చుతో కొనే బల్ల కంటే ఉన్న సామాన్లు జరపడం నయం.

మిషన్‌తో కుట్టేది అసలు క్విల్టింగే కాదనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. 1989లో అమెరికాలోని పెడూకాలో అమెరికన్ క్విల్టర్స్ సొసైటీ ప్రదర్శనలో మిషన్‌తో క్విల్టింగ్ చేసిన బొంతకే మొదటిసారి అగ్ర బహుమతి వచ్చింది, కారిల్ బ్రయర్ ఫాలర్ట్ కుట్టినది. ఆ గొడవ అప్పుడే తీరిపోయింది, ఇక మనం మన పని చూసుకుందాం.

శనివారం, ఉతుకు

మిషన్ ప్లేటు విప్పి చూస్తే పళ్ళ మధ్య ఫ్లీస్ నూగు అట్టకట్టి ఉంది. బ్రష్‌తో, పట్టకారుతో తీశా. నోటితో ఊదకూడదు, నూగు ఇంకా లోపలికి పోతుంది, ఊపిరి తేమ కూడా ఇనుముకి మంచిది కాదు. నూనె మాత్రం మిషన్ పుస్తకంలో ఎక్కడ వేయమంటే అక్కడే ఒక్క చుక్క, తర్వాత పనికిరాని తుంపు మీద కాసేపు కుట్టి అదనపు నూనె గుడ్డకి పోనివ్వాలి. నూగు ఎక్కువ రాల్చే మధ్య పొర వాడితే ప్రతి బాబిన్ మార్చేటప్పుడూ ఒకసారి బ్రష్ తిప్పడం తప్పదు, చవక ఫ్లీస్‌కి మనం కట్టే అసలు మూల్యం ఇదే.

ప్యాడ్లన్నీ ఉతికి ఆరేశా. కాటన్ బ్యాటింగ్ పెట్టినది కొంచెం ముడుచుకుని పైనంతా సన్నటి నలుగులు వచ్చాయి. కాటన్ బ్యాటింగ్ మొదటి ఉతుకులో సాధారణంగా 3 నుంచి 5 శాతం దాకా కుంచించుకుపోతుంది, ఆ నలుగుల్లో హెచ్చుతగ్గు కుట్లు సగం కలిసిపోయాయి. ఫ్లీస్ ప్యాడ్ ఉతికినా ఎలా ఉన్నది అలాగే ఉంది, ఫ్లీస్ కుంచించుకుపోదు, పాత దుప్పటి ఎప్పుడో కుంచించుకుపోయింది. దాని మీద ప్రతి వంకర కుట్టూ ఇంకా కనబడుతూనే ఉంది. మెత్తగా, పాతగా కనబడే బొంత కావాలంటే మాత్రం మధ్య పొరకి కాటన్ కొనాల్సిందే, ఈ ఒక్కచోట పాత దుప్పటి బదులు పనిచేయదు.

బాగున్న ప్యాడ్లకి కింది గుడ్డ అంచునే రెండు మడతలు పైకి తిప్పి కుట్టేశా, వేరే పట్టీ అక్కర్లేదు. ఒకటి మిషన్ కింద పరిచాను, చప్పుడు తగ్గింది. మిగతావి కట్టగట్టి పెట్టా, మూలన రాసుకున్న నంబర్లు చూసుకోవడానికి పనికొస్తాయి.

తర్వాతి పని ఇంకాస్త పెద్దది: ఇవే కొలతల చదరాలు విడివిడిగా క్విల్టింగ్ చేసి ఆ తర్వాత కలిపి కుట్టడం, అప్పుడు మిషన్ మెడ కింద ఎక్కువ గుడ్డ ఇరికించే పని ఉండదు. పై గుడ్డ లేత నీలం దుప్పటి, మధ్యలో కాటన్ తుంపులు, అస్తరుకి మెత్తబడ్డ చొక్కాల వీపు భాగాలు. కలిపే అంచుల దగ్గర రెండు సెంటీమీటర్ల మేర కుట్టు వేయకుండా వదలాలి, లేకపోతే అతుకు మడత పడదు. చొక్కాలు విప్పదీసి ఇస్త్రీ చేసి ఉంచాను, ఇక కొత్త సూది వేసి మొదలుపెట్టాలి.